మడమల దేశాన్ని నేను ముందుకు నడిపించిన కథ

2023 వానాకాలం. అమలాపురం బస్టాండుకి దగ్గర్లో, ఒక చెప్పుల షాపుకీ ఒక కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కుని నా డీటీపీ సెంటరు ఉంటుంది. డీటీపీ అంటే మీరు చేత్తో రాసి తెచ్చినదాన్ని కంప్యూటర్లో కొట్టి, పేజీలుగా అమర్చి, ప్రింటుకి సిద్ధం చెయ్యడం. పెళ్ళి కార్డులు, ఫంక్షన్ ఫ్లెక్సీలు, సువార్త సభల పోస్టర్లు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, ఇదీ నా సాహిత్య సేవ. ఒకే రోజు ఒకరి పెళ్ళి కార్డూ ఇంకొకరి దినకార్యం కార్డూ కొట్టేటప్పుడు ఫోటోలు తారుమారు కాకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు నైపుణ్యం. ఒక్కసారే అయింది. సమయానికి చూసుకున్నాం.

ఆ వానల్లో సుగుణ గారు వచ్చేరు. రాజోలు దగ్గర ఒక పల్లెలో ఉంటారు, రిటైరైన ఎలిమెంటరీ టీచరు. గొడుగు మూలన పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తొమ్మిది లాంగ్ నోట్‌బుక్కులు నా బల్లమీద పెట్టేరు. రిటైరైన టీచర్లు తెచ్చేవి నాకు అలవాటే. అయితే కీర్తనలు, కాకపోతే నీతికథలు.

"కీర్తనలాండీ?" అన్నాను.

"కాదమ్మా, నవల. రాజ్యం, రాణి, మృగం, అన్నీ ఉంటాయి. ఫాంటసీ అంటారు కదా, అది."

నేను ఒకసారి ఆవిడ కాటన్ చీర వైపు, చేతిలో ఉన్న బైబిలు సంచీ వైపు చూసేను. మృగం ఎక్కడా కనబడలేదు.

"ఎన్నాళ్ళు రాసేరండి?"

"పదకొండేళ్ళు."

"ఎన్ని కాపీలు వెయ్యాలండి?"

"కాపీలు కాదు. విజయవాడలో ఒక పబ్లిషర్ గారు చూస్తామన్నారు. చేతిరాత చదవరట. కొట్టి పంపాలి. నెలన్నర గడువిచ్చేరు. ఆ తర్వాత ఈ ఏటికి పుస్తకాలు తీసుకోరట. నాకు అరవై రెండు, అమ్మా. మా అక్కకి అరవై ఎనిమిది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునే వయసు కాదు మాది."

అక్క సంగతి మధ్యలో ఎందుకొచ్చిందో నేను అడగలేదు. ఈ వృత్తిలో కస్టమర్లు బంధువుల సంగతులు చాలా చెబుతారు. తలూపడమూ సర్వీసులో భాగమే.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. టైపు చేసేవాళ్ళు చదవరు. అక్షరాలు కళ్ళలో ఎక్కి వేళ్ళ దగ్గర దిగిపోతాయి. మధ్యలో బుర్ర అనే స్టాపు ఉంటుంది గాని, బండి అక్కడ ఆగదు. కాబట్టి సుగుణ గారి నవల మొత్తం నా చేతులమీదుగా పోయినా, నాకు అందులో తెలిసింది ఒక్కటే. రాణి పేరు వరలి. ఆవిడ వెనక్కి నడుస్తుంది.

మొదటి పేజీలో వెనక్కి నడుస్తూ కోట దాటింది. నాలుగో పేజీలో ఆవిడ సైన్యం వెనక్కి నడుస్తూ కొండెక్కింది. వెనక్కి నడిచే ఆడమనిషిని మా వైపు రాణి అనరు. దానికి వేరే పేరుంది, వేపమండలతో వైద్యం కూడా ఉంది. పాపం పెద్దావిడ, ముందుకు అని రాయబోయి వెనక్కి అని రాసేస్తున్నారు, పదకొండేళ్ళు రాస్తే ఎవరికైనా దిక్కులు తప్పుతాయి అనుకున్నాను. అడుగుదామని ఆఖరి రోజున ఫోన్ చేసేను. స్విచాఫ్.

కంప్యూటర్లో ఫైండ్ అండ్ రీప్లేస్ అని ఒక సదుపాయం ఉంది. ఒక మాట వెతికి, అది ఉన్న ప్రతిచోటా ఇంకో మాట పెట్టమంటే క్షణంలో పెట్టేస్తుంది. నేను 'వెనక్కి' తీసేసి 'ముందుకు' పెట్టమన్నాను. నాలుగు వందల పైచిలుకు చోట్ల పెట్టేనని చెప్పింది. ఒక రిటైర్డ్ టీచరు గారి పరువు కాపాడేనని నాకు తృప్తిగా కూడా అనిపించింది.

మామూలుగా అయితే ప్రూఫ్ తీసి ఇస్తాం. ప్రూఫ్ అంటే తప్పులు దిద్దుకోవడానికి ఇచ్చే కాగితం కాపీ. గడువు ముంచుకొచ్చేసింది, ఆవిడేమో "నువ్వు చూసేవు కదమ్మా, చాలు" అని అంతకుముందే అనేసేరు. నోట్‌బుక్కులు కూడా పట్టుకెళ్ళిపోయేరు. ఆవిడకి మెయిల్ లేదు కాబట్టి పీడీఎఫ్ నా మెయిల్ నించే విజయవాడ పంపేసేను.

ఇరవై రోజులకి ఎడిటర్ గారు నాకే ఫోన్ చేసేరు. మర్యాదస్తుడు. నిదానంగా మాట్లాడేరు.

"భాష బాగుందండి. కథ మాత్రం మామూలుగా ఉంది. ఒక రాణి నడుచుకుంటూ వెళ్ళింది, వచ్చింది. ఎవరు నడవరు చెప్పండి? పైగా కొన్ని వాక్యాలు అర్థం కాలేదు. 'వరలి తల ముందుకు తిప్పి, ముందుకు చూడకుండా ముందుకు నడిచింది.' ఏమిటండీ ఇది?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చేను.

"ఆవిడ చిన్నప్పుడు కొబ్బరి పీచు పని చేసేరని మాకు రాసిన ఉత్తరంలో ఉంది. ఈ రాజ్యాలూ అవీ మానేసి, ఆ కష్టాలు జీవితకథగా రాయమనండి. అలాంటివి జనం చదువుతారు. వచ్చే ఏడు చూద్దాం."

ఫోన్ పెట్టేసి ఫైలు తెరిచేను. అప్పుడు, జీవితంలో మొదటిసారి, నేను కొట్టినదాన్ని నేను చదివేను. ఒక సైనికుడు ఉంగరాన్ని రాణికి ముందుకు ఇచ్చేస్తున్నాడు. ఒక తల్లి, పిల్ల ముందుకు వస్తుందని గుమ్మంలో ఎదురు చూస్తోంది. పోనీ మళ్ళీ తిప్పేద్దామంటే, ఆవిడ నిజంగానే 'ముందుకు' అని రాసినవి కూడా వీటిలో కలిసిపోయేయి. చక్కెరలో ఉప్పు పోసి కలిపినట్టు చేసేను.

మర్నాడు షాపు మూసి, రాజోలు బస్సెక్కేను. బస్సు దిగి ఆటోలో వెళ్తున్నంతసేపూ ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. అన్నిట్లోనూ తప్పు కంప్యూటర్‌దే.

వాళ్ళిల్లు వెతకక్కర్లేదు, పీచు దుమ్ము దారి చూపిస్తుంది. ఇంటి పక్కనే పొడుగాటి రేకుల షెడ్డు. ఒక చివర కర్ర రాట్నం, అంటే చేత్తో తిప్పితే కొక్కేలు గిరగిరా తిరిగే చక్రం. దాని దగ్గర పీటమీద సుగుణ గారు కూచుని తిప్పుతున్నారు. రెండో చివర వైపు ఒక పెద్దావిడ, నడుముకి పీచు మూట కట్టుకుని, రెండు చేతుల్తో పీచు వదులుతూ తాడు పేనుతున్నారు. ఆవిడే అక్క, కరుణమ్మ గారు.

ఆవిడ వెనక్కి నడుస్తున్నారు.

నేను తయారు చేసుకున్న నాలుగు రకాలూ మర్చిపోయేను.

తాడు పేనేవాళ్ళు వెనక్కే నడుస్తారు. కొక్కేనికి పీచు తగిలించి, అది మెలి తిరుగుతుంటే, కొత్త పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి పోతారు. ముందుకు నడిస్తే తాడు రాదు. కోనసీమలో పుట్టి, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు పెట్టుకుని, బావిలో చేద నుంచి గేదె మెడ దాకా ఆ తాళ్ళే వాడి, నాకీ సంగతి తెలీదు. రోడ్డుమీంచి చూస్తే షెడ్డు గోడే కనబడుతుంది మరి.

ఉన్నదున్నట్టు చెప్పేసేను. సుగుణ గారు రాట్నం ఆపేరు.

"నువ్వు చదివేవా?" అన్నారు చివరికి.

"టైపు చేసేనండి."

"నేనడిగింది అది కాదు."

టీచర్లు తిడతారు, అది మనకి అలవాటే. తిట్టని టీచరు ముందు మాత్రం చిన్నపిల్లలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అవతలి చివర్నించి కరుణమ్మ గారు తాడు వదలకుండానే అడిగేరు. "ఏమైందే?"

"నా పుస్తకంలో అందర్నీ ఈ అమ్మాయి ముందుకు నడిపించేసిందక్కా. వాళ్ళు వద్దన్నారు."

"ముందుకు నడిస్తే తాడెలా వస్తదంట?" అన్నారావిడ నాకేసి చూసి. "ఏమ్మా, నువ్వెప్పుడైనా పేనేవా?"

"లేదండి."

"రా మరి."

నా నడుముకి పీచు మూట కట్టేరు. సుగుణ గారు రాట్నం తిప్పేరు. చూడ్డానికి తేలికే. నేను వెనక్కి ఆరడుగులు వేసేను. పీచు ఒకచోట లావుగా, ఒకచోట దారంలా వచ్చింది. ఏడో అడుగులో స్తంభం వీపుకి తగిలింది.

"మడమతో చూడాల," అన్నారు కరుణమ్మ గారు. "కళ్ళు తాడుమీదుండాల. దారి మడమే చూసుకుంటాది."

మళ్ళీ మొదలెట్టేను. ఈసారి పన్నెండడుగులు పోయేను. అప్పుడు గమనించేను. నేను దూరమైపోతున్నాను గాని, రాట్నం దగ్గర కూచున్న మనిషి మొహం నా కళ్ళెదుటే ఉంది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకుంటూనే దూరమవుతున్నాం. మధ్యలో తాడు పెరుగుతోంది. ఆ వీపు నొప్పిలో ఇంత సంగతి తోచిందంటే అది నా గొప్పతనం కాదు, ఆ పని అలాంటిది.

మూట విప్పేక సుగుణ గారు చెప్పేరు. వాళ్ళ నాన్న పోయినప్పుడు అక్కకి పన్నెండేళ్ళు, ఈవిడకి ఆరు. అక్క బడి మానేసి అమ్మతో పాటు పేనడానికి దిగింది, చెల్లి రాట్నం తిప్పేది. రోజంతా అక్క మొహం చూస్తూ ఉండేది, అది చిన్నదవుతూ చిన్నదవుతూ షెడ్డు చివరికి పోయేది, మళ్ళీ దగ్గరకొచ్చేది. ఆవిడ రాసిన మడమల దేశంలో ప్రతి మనిషికీ పుట్టగానే గుప్పెడు మంచు ఇస్తారు. దాన్ని దారిగా పేనుకుంటూ వెనక్కి నడవాలి. ఎవరైనా వెళ్ళిపోయేటప్పుడు మొహం తిప్పుకోవడం ఆ రాజ్యంలో అతి పెద్ద నేరం. ఇంక మృగం సంగతి. అది దుమ్ముతో చేసిన మృగం, మనుషుల గుండెల్లో గూడు కట్టుకుని దగ్గుతుంది. వాళ్ళమ్మ ముప్పై తొమ్మిదేళ్ళకి ఆ దగ్గుతోనే పోయింది. నవల మధ్యలో ఒక మురుగు నది ఉంటుంది, ముక్కు మూసుకున్నవాణ్ణి దాటనివ్వదు. పీచు కోసం కొబ్బరి డొక్కలు నానబెట్టిన కాలవ కంపు బట్టలకంటుకుని బడికి వెళ్తే, తోటి పిల్లలు ముక్కు మూసుకునేవారట.

"మరి ఎడిటర్ గారన్నట్టు, అదే ఉన్నదున్నట్టు రాయొచ్చు కదండీ?" అన్నాను. నిజంగా తెలీకే అడిగేను.

"రాయొచ్చు. చదివి 'పాపం' అంటారు. అన్నాక పుస్తకం మూసేస్తారు. నాకు పాపం అక్కర్లేదమ్మా. మా అక్క రాణిలా నడిచేది. అది వాళ్ళకి కనబడాలంటే రాజ్యం కట్టాల్సొచ్చింది."

ఇలాంటి మాటలు విన్నాక ఎవరైనా కళ్ళు తుడుచుకోవాలి. నేను తుడుచుకున్నాను. పీచు దుమ్ము పడింది.

అక్కణ్ణించే ఎడిటర్ గారికి ఫోన్ చేసేను. తప్పు ఆవిడది కాదు, నాది అని చెప్పేను.

"అంటే నేను చదివింది ఆవిడ పుస్తకం కాదా?"

"ఆవిడ పుస్తకమేనండి. దిశ నాది."

"ఈ ఏటి పుస్తకాల జాబితా సోమవారం మూసేస్తున్నామమ్మా."

"ఆదివారానికి మీ మెయిల్లో ఉంటదండి. మొదటి అధ్యాయం చదవండి. బాగోకపోతే అక్కడే ఆపేయండి."

ఆ రోజు గురువారం. షాపుకి తాళం వేసే ఉంది. ఒక పెళ్ళివారి కార్డులు ఆలస్యమయ్యేయి, పెళ్ళి మాత్రం సమయానికే అయింది. మూడు పగళ్ళు నేను ఆ షెడ్డులోనే లాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాను. సుగుణ గారు నోట్‌బుక్కులోంచి పైకి చదువుతారు, నేను తెరమీద వాక్యం వాక్యం పోల్చుకుంటూ దిద్దుతాను. కరుణమ్మ గారు ఎదురుగా పీచు చిక్కు తీస్తూ వింటారు. పదకొండేళ్ళలో సుగుణ గారు ఆ నవల అక్కకి ఒక్కసారి కూడా చదివి వినిపించలేదట. మన పీచు గోల ఊరందరికీ ఎందుకే అంటుందని భయం. నా తప్పు దిద్దడం కోసం ఇప్పుడు గత్యంతరం లేక చదువుతున్నారు.

కరుణమ్మ గారు మంచి శ్రోత. అడ్డు తగులుతూ వింటారు.

"ఆ నది దగ్గర సైనికులు ఆగకూడదే. మెలి విడిపోద్ది."

"అది మంచుతో పేనే దారక్కా."

"మంచైతే మాత్రం? మెలి మెలే."

దిద్దేం. ఆవిడన్నది నిజం. అక్కడ సైనికులు ఆగకపోవడంతో ఆ ఘట్టం ఇంకా బాగుంది.

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి భాగానికొచ్చేం. అందులో వరలి భూమి అంచుకి చేరుతుంది. వెనక సముద్రం, ఆవిడకి కనబడదు. దూరాన చక్రం దగ్గర కూచున్న చిన్న పిల్ల కేకేసి ఆపాలి. కాని ఆ పిల్ల చక్రం వదిలేసి, అక్షరాల కోట చూడ్డానికి వెళ్ళిపోయింది. ఈ ఒక్క వాక్యం సుగుణ గారు రెండుసార్లు చదివేరు. నేను తెరలోంచి తలెత్తలేదు. ఎనిమిదేళ్ళకి ఆవిడ రాట్నం వదిలి బడిలో చేరేరు. అక్క అక్కడే ఉండిపోయింది. యాభై నాలుగేళ్ళ బట్టి మోస్తున్న మాట ఇది, ఇప్పుడు రాణినీ సముద్రాన్నీ అడ్డం పెట్టుకుని చెబుతున్నారు.

చదవడం అయింది.

"నువ్వు రాట్నం వదిలేసేక," అన్నారు కరుణమ్మ గారు పీచు దులుపుతూ, "నాకు హాయిగా ఉండేది. చెయ్యి నొప్పి చెయ్యి నొప్పి అని ఏడ్చేదానివి. తర్వాత వచ్చిన పిల్ల నీకన్నా బాగా తిప్పింది."

సుగుణ గారు అక్కకేసి చూసేరు. ఏడవబోయి నవ్వేరో, నవ్వబోయి ఏడ్చేరో నాకు తెలీదు. కరుణమ్మ గారు లేచి చెల్లి చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "ఆ రాణి సముద్రంలో పడదు కదా?" అన్నారు.

"పడదక్కా. మడమ తడవగానే తెలుసుకుంటుంది."

"ఆయ్. మడమకి తెలుస్తాది," అన్నారావిడ, ఒక నవలకి ఇంతకన్నా మంచి సమీక్ష రాదన్నట్టు.

ఆదివారం ఉదయం వాళ్ళు చర్చికి వెళ్తుంటే నేను పీడీఎఫ్ పంపేను. ఈసారి ముందు రోజే రాజోలులో ప్రింటు తీయించి, సుగుణ గారు ప్రతి పేజీ కిందా సంతకం పెట్టిన ప్రూఫ్ నా సంచీలో ఉంది.

తొమ్మిది రోజులకి ఎడిటర్ గారు ఫోన్ చేసేరు. "ఇది వేరే పుస్తకమండి," అన్నారు. "నిన్న మా హాల్లో వెనక్కి నడిచి చూసేను. టీవీ స్టాండుకి గుద్దుకున్నాను. మా ఆవిడ డాక్టర్ని పిలుస్తానంది. వేస్తున్నామని టీచరు గారికి చెప్పండి."

నేను ఫోన్లో చెబుతుంటే సుగుణ గారు రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టేరు.

ఈ కేసు తర్వాత నేను చదవకుండా ఏదీ కొట్టడం లేదు. పని కొంచెం నెమ్మదించింది, పెళ్ళి కార్డుల్లో కూడా కథలు కనబడుతున్నాయి, అది వేరే బాధ. నేర్చుకున్నది ఇంతే: రాసినవాళ్ళ కాగితంమీద మనకి అడ్డంగా కనబడే మాట ఉంటే, దాన్ని దిద్దేముందు వాళ్ళింటికెళ్ళి చూడాలి. వాళ్ళ బతుకంతా అక్కడే నిలబడి ఉండొచ్చు. ఫాంటసీ అంటే గాల్లోంచి తెచ్చేదనుకునేదాన్ని. ఆ రాజ్యంలో ప్రతి రాయీ రాజోలు దగ్గర ఒక రేకుల షెడ్డులోదే. అందులో నాలుగు వందల పైచిలుకు అడుగులు నేను స్వయంగా వెనక్కి తిప్పేనని చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. ముందు చెడగొట్టింది కూడా నేనే అన్న సంగతి అడిగితేనే చెబుతాను.

ఆఖర్న ఒక చిన్న పని మిగిలింది. వెనక అట్టమీద రచయిత పరిచయం కావాలన్నారు. ఎడిటర్ గారు పంపిన నమూనా 'కడు పేదరికంలో పుట్టి' అని మొదలైంది. సుగుణ గారు అది కొట్టేయించి, తన చేత్తో రాసిన కాగితం నాకిచ్చేరు. 'వృత్తి: తాడు పేనడం. తర్వాత ముప్పై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పేరు.'

నేను చదివేను. బాగుందనిపించింది. అయినా అలవాటు ప్రకారం కరుణమ్మ గారికి కూడా చదివి వినిపించేను.

"అది ఎప్పుడు పేనింది?" అన్నారావిడ. "పేనడం రాదు దానికి. తిప్పేదంతే. అట్టమీద అబద్ధాలు రాయకండి."

సుగుణ గారు కాగితం తీసుకుని, ఆ ముక్క కొట్టేసి, దిద్దేరు. ఇప్పుడు పుస్తకం వెనక అట్టమీద ఇలా ఉంది: 'అక్క తాడు పేనుతుంటే రాట్నం తిప్పేవారు.'